పొన్నగంటి కూర తింటే కళ్లజోడు పోతుందా?

మిరప చేను చుట్టూ, పత్తి సాళ్ల మధ్యా బంతి మొక్కలు వేయమని వ్యవసాయాధికారులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. పూలు అమ్ముకోవడానికి కాదు. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు బంతిపూల మీదికి ఆశపడి పోయి అక్కడ గుడ్లు పెడుతుంది. మిరప కాయకు, పత్తి కాయకు ఆ మేరకు గండం తప్పుతుంది. రైతులు దీన్ని ఎర పంట అంటారు. ఆ బంతి రెక్కలకు పసుపు రంగునిచ్చే పదార్థాల్లో ముఖ్యమైంది ల్యూటీన్. కంటి ఆరోగ్యం కోసమంటూ మందుల షాపుల్లో అమ్మే క్యాప్సూళ్లలోని ల్యూటీన్‌లో ఎక్కువ భాగం బంతిపూల నుంచి తీసిందే. గుంటూరు కొత్తపేటలో డాక్టరు చీటీ పట్టుకుని వందలు పోసి కొనే సరుకు, మన చేను గట్టున పురుగు కోసం వదిలేసిన పువ్వులో ఉందన్నమాట. అదే ల్యూటీన్ తోటకూరలో, పాలకూరలో, మునగాకులో, గుడ్డు పచ్చసొనలో కూడా ఉంది.

అయితే తాత ముత్తాతలు తిన్నట్టు తింటే కళ్లు బాగుంటాయా? గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఈ ప్రశ్న వినిపిస్తుంది. సిరిధాన్యాల సభలకు జనం బండ్లు కట్టుకుని వెళ్తున్నారు. పొన్నగంటి కూర తింటే పోయిన చూపు తిరిగి వస్తుందని పెద్దవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఫలానా ఆకు రసం తాగితే కళ్లజోడు తీసేయొచ్చనీ, శుక్లం కరిగిపోతుందనీ చెప్పే వీడియోలు రోజూ ఫోన్లలోకి వచ్చి పడుతున్నాయి. ఈ మాటల్లో కొంత నిజం ఉంది. ఆ నిజం చాలా విలువైంది కూడా. కానీ దానికి అంటుకున్న అబద్ధం మనుషుల కళ్లు తీస్తోంది. అందుకే రెంటినీ విడదీసి చూడాలి.

రేచీకటి పోయిన దారి

తిండే పూర్తి మందుగా పనిచేసే కంటి జబ్బు ఒకటుంది. అది రేచీకటి. ఇప్పటి పిల్లలకు ఆ పేరే కొత్త. అరవై దాటినవాళ్లను అడిగితే, పొద్దు గూకగానే గుమ్మం తట్టుకుని పడే పిల్లలు ప్రతి వాడలోనూ ఉండేవాళ్లని చెబుతారు. మసక వెలుతురులో చూడాలంటే రెటీనాలో రొడాప్సిన్ అనే వర్ణకం ఉండాలి. అది తయారు కావాలంటే విటమిన్-ఎ ఉండాలి. ఈ సంగతి తేల్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది. విటమిన్-ఎ తగ్గితే ముందు రాత్రి చూపు పోతుంది. తర్వాత తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి, కన్ను ఎండిపోతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే, ముఖ్యంగా తట్టు పోసినప్పుడో విరేచనాలు పట్టుకున్నప్పుడో, నల్లగుడ్డు మెత్తబడి రోజుల్లో కరిగిపోతుంది. ఆ తర్వాత ఏం తినిపించినా ఆ కన్ను రాదు.

పల్లెల్లో దీనికి వైద్యం తెలుసు. రేచీకటి పిల్లలకు మేక కార్జం కాల్చి పెట్టేవాళ్లు. అది మూఢనమ్మకం కాదు. జంతువుల శరీరంలో విటమిన్-ఎ దాచుకునే చోటు కాలేయమే. ఈజిప్టు పాత వైద్య గ్రంథాల్లోనూ కంటి జబ్బుకు కాలేయం చెప్పారు. పెద్దల మాటలో సైన్సు ఉందని నిస్సందేహంగా చెప్పగలిగిన సందర్భాల్లో ఇది మొదటిది.

ఈ జబ్బును దేశమంతటా తగ్గించిన కథలో మన హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చింది. అదే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. 1960ల్లో డాక్టర్ సి. గోపాలన్ సారథ్యంలో అక్కడి శాస్త్రవేత్తలు ఒక ఆలోచన చేశారు. విటమిన్-ఎను కాలేయం నెలల తరబడి దాచుకోగలదు కాబట్టి, ఒకేసారి పెద్ద మోతాదు నోట్లో పోస్తే పిల్లవాడి కన్ను చాలా కాలం నిలుస్తుంది కదా? పల్లె పిల్లల మీద పరీక్షించి చూశారు, ఫలించింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. ఇప్పటికీ 9 నెలలప్పుడు తట్టు టీకాతో పాటు 1 లక్ష యూనిట్లు, ఆ తర్వాత అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల చొప్పున మొత్తం 9 మోతాదులు ఆరోగ్య కార్యకర్తలు పిల్లలకు వేస్తున్నారు.

ఆ పద్ధతికి ఆద్యుడైన గోపాలనే తర్వాతి దశాబ్దాల్లో, పెద్ద మోతాదు మందు తాత్కాలిక ఏర్పాటు మాత్రమేననీ, కూరాకులూ పండ్లూ పాలూ పిల్లల కంచంలోకి రావడమే అసలు పరిష్కారమనీ గట్టిగా వాదించారు. 2019లో వందేళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆయన ఆ మాట మీదే నిలబడ్డారు. తాను కనిపెట్టిన మందు కంటే తిండి గొప్పదని చెప్పడానికి పెద్ద మనసుండాలి. మందుల వ్యాపారం ఇంత పెరిగిన రోజుల్లో ఆ మాటను మనం మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవాలి.

ఇక ఆకుల సంగతి. 1971లో గోపాలన్ తన సహచరులతో కలిసి తెచ్చిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు ఎన్నో తరాల డాక్టర్లకు పాఠ్యపుస్తకం. వాటి ప్రకారం 100 గ్రాముల క్యారెట్‌లో కెరోటిన్ 1,890 మైక్రోగ్రాములు. గోంగూరలో 2,898. తోటకూరలో 5,520. అవిసె ఆకులో 5,400. మునగాకులో 6,780. కరివేపాకులో 7,560. కంటికి మంచిదని కిలోల లెక్కన క్యారెట్ కొంటున్నాం. పెరట్లో ఊరికే పెరిగే మునగాకులో దానికి మూడు రెట్లకు పైగా ఉంది. పొన్నూరు, చేబ్రోలు వైపు తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి అవిసె చెట్లు వేస్తారు. ఆ ఆకును కోసి గొడ్లకూ మేకలకూ వేస్తారు. అవి దాన్ని ఎంత ఇష్టంగా తింటాయో చూసినవాళ్లకు తెలుసు. ఆ ఆకులో ఒక గుప్పెడు మనింటి పప్పులోకి రావడానికి ఏమిటి అడ్డు?

అయితే ఇక్కడ సిరిధాన్యాల సభల్లో చెప్పని విషయం ఒకటుంది. ఆకులో ఉన్నదంతా ఒంటికి పట్టదు. 1995లో ఇండోనేసియాలోని పశ్చిమ జావాలో పాలిచ్చే తల్లులకు రోజూ ఆకుకూర వండి పెట్టి పరీక్షిస్తే, వారి రక్తంలో విటమిన్-ఎ అనుకున్నట్టు పెరగలేదు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు లెక్కలు మార్చుకున్నారు. ఆరు పాళ్ల కెరోటిన్ ఒక పాలు విటమిన్-ఎ అవుతుందనుకునేవాళ్లు, ఇప్పుడు కనీసం పన్నెండు పాళ్లు కావాలంటున్నారు. ఆకుకూరల విషయంలో అంతకన్నా ఎక్కువే కావచ్చు. పన్నెండో వంతు లెక్కన చూసినా 100 గ్రాముల మునగాకు నుంచి 565 మైక్రోగ్రాముల విటమిన్-ఎ వస్తుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావలసింది 510. అంటే ఆకుతో పని జరుగుతుంది కానీ చిటికెడు చల్లితే జరగదు. రోజూ ఉండాలి, తగినంత ఉండాలి, నూనె తగలాలి. కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. ఆకు సన్నగా తరిగి, పప్పులో మెత్తగా ఉడికించి, నూనె తాలింపు పెట్టి, అన్నంలో ముద్ద నెయ్యి వేసి కలిపే మన పప్పుకూర పద్ధతి ఇందుకు సరిగ్గా సరిపోతుంది. పచ్చి ఆకు రసం పిండి పరగడుపున తాగడం కంటే అదే మేలు. పిల్లల కడుపులో నులిపురుగులు లేకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. మామిడి, బొప్పాయి పండ్లలోని కెరోటిన్ ఆకుకంటే సులువుగా ఒంటికి పడుతుంది.

వరిగన్నం పక్కన ఏముండేది

ఈ నల్లరేగడి నేలల్లో సన్నబియ్యం అన్నం అందరి తిండిగా మారి ఎన్నో ఏళ్లు కాలేదు. పల్నాటిలో జొన్నకూడు తప్ప దొరకదని శ్రీనాథుడు చాటువుల్లో వాపోయాడంటే, అయిదారు వందల ఏళ్ల కిందటి కంచం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ప్రకాశం మెట్టలో వరిగ, కొర్ర, సజ్జ, ఆరిక తిన్నారు. 1967లో నాగార్జున సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక గుంటూరు, ప్రకాశం మెట్టల్లోకి వరి నడిచి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక పేదింటి పొయ్యి మీద కూడా తెల్లన్నం ఉడికింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తక్కువ చేయడం అన్యాయం. కరువంటే ఏమిటో ఈ నేలకు తెలుసు. 1833 నాటి గుంటూరు కరువులో అయిదు లక్షల జనంలో రెండు లక్షల దాకా చనిపోయారని చరిత్ర చెబుతోంది. కడుపు నిండాకే కంటి గురించి మాట్లాడగలం.

కానీ ఇక్కడ ఒక పొరపాటు జరుగుతోంది. పాత తిండి కంటికి మంచిదంటే జనం వెంటనే కొర్రలూ అరికెలూ కొనుక్కుంటున్నారు. 100 గ్రాముల జొన్నలో ఉన్న కెరోటిన్ 47 మైక్రోగ్రాములే. కంటి లెక్కలో అది దాదాపు లేనట్టే. జొన్న సంగటి తిన్న మన పెద్దల కళ్లను కాపాడింది జొన్న కాదు. సంగటిలో నంజుకున్న ఆకుకూర, పోసుకున్న మజ్జిగ, వేసుకున్న నెయ్యి, వారానికోసారి కాలువ పరిగెల పులుసు. చిన్న చేపల్ని తల తీయకుండా మొత్తంగా వండుకోవడం చాలా తెలివైన అలవాటు. ఎందుకంటే చేపల్లో విటమిన్-ఎ ఎక్కువగా ఉండేది కళ్లల్లోనూ కాలేయంలోనూ. గింజ మార్చి, పక్కనున్నవన్నీ మరిచిపోతే పాత తిండి తిన్నట్టు కాదు.

ఆ ఆకుకూరలు ఎక్కణ్నుంచి వచ్చేవి? చాలావరకు ఎవరూ విత్తినవి కావు. కలుపు తీయబోయిన ఆడవాళ్లు చేలో మొలిచిన చెంచలాకు, గంగపాయలాకు, తుమ్మికూర, అడవి తోటకూర, కాలువ గట్టు మీది పొన్నగంటి కూర ఒళ్లో నింపుకుని వచ్చేవాళ్లు. డబ్బు పెట్టకుండా ఇంటికి వచ్చే కూర అది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేసిన పల్లెల్లో, దళిత రైతు మహిళలు ఇలాంటి విత్తని కూరల్ని పదుల సంఖ్యలో గుర్తుపట్టి చెప్పారు. మన పత్తి మిరప నేలల్లో ఆ పరంపర తెగిపోయింది. సాలు సాలుకూ కలుపు మందు కొడుతున్నారు. మిగిలిన గట్టు మీద మొక్కైనా పురుగుమందు తడిసి ఉంటుంది. మిరపకు ఒక పంట కాలంలో ఎన్నిసార్లు మందు కొడతారో తెలిసినవాళ్లెవరూ ఆ చేలో ఆకు తుంచి ఇంటికి తీసుకుపోరు, తీసుకుపోకూడదు కూడా. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడాది నుంచి ఈ నేలలో మందు లేని సేద్యం గురించి మాట్లాడటమే కష్టమైంది. కూలి డబ్బులు చేతికి వచ్చాయి, నిజమే. ఆ డబ్బుతో సంతలో ముందు కొనేది టమాటా, బంగాళాదుంప, నూనె పాకెట్టు. ఒళ్లో వచ్చే ఆకుకూరకు బదులుగా ఏదీ రాలేదు.

పాల సంగతీ అంతే. ఇంట్లో గేదె ఉన్నా పొద్దున పాలు కేంద్రానికి పోతాయి. పిల్లవాడికి గ్లాసెడు టీ మిగులుతుంది. పాల వెన్నలో ఉండేది నేరుగా విటమిన్-ఎ. మార్చుకునే పని లేకుండా ఒంటికి పట్టేది అదే. ఆ డబ్బు ఇంటికి అవసరమే. అయినా అయిదేళ్లలోపు పిల్లల వంతు పాలు తీసిపెట్టి మిగిలినవి పోయాలని ఇంటి పెద్దలు నియమం పెట్టుకుంటే బాగుంటుంది.

మిరపకాయ చేసే మేలు, పెట్టే మంట

మిరపకాయ మనకు అనాదిగా ఉందనుకుంటాం. పోర్చుగీసు ఓడల్లో వచ్చి అయిదొందల ఏళ్లు అయింది, అంతే. జామ, బొప్పాయి కూడా ఆ దూరదేశాలవే. కాబట్టి సంప్రదాయం అంటే పాతది అని మాత్రమే అర్థం చేసుకోనక్కర్లేదు. మన నేలలో పండి, మన వంటలో ఇమిడి, వండిన రూపంలోనే తినేది ఏదైనా మనదే.

విటమిన్-సి చరిత్రలో మిరపకు చోటుంది. హంగరీలోని సెగెద్ నగరంలో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ ఎర్ర మిరప జాతి కాయల నుంచే ఆ విటమిన్‌ను కిలోల లెక్కన తీయగలిగాడు. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన పచ్చిమిరపలోనూ 100 గ్రాములకు 111 మిల్లీగ్రాముల విటమిన్-సి ఉంది. కానీ రోజుకు పది గ్రాముల పచ్చిమిరప తింటే వచ్చేది 11 మిల్లీగ్రాములు. కావలసింది ఆడవాళ్లకు 65, మగవాళ్లకు 80. కళ్లంలో ఎండబెట్టి కారం పట్టించాక అందులో చాలా భాగం పోతుంది. ఆ లోటు తీర్చేది జామకాయ. 100 గ్రాముల జామలో 212 మిల్లీగ్రాములుంటే ఉసిరిలో 600 ఉన్నాయి.

విటమిన్-సికీ శుక్లానికీ సంబంధం ఉందా అని మన దేశంలోనే పెద్ద అధ్యయనం జరిగింది. ఉత్తరాన హర్యానాలో, దక్షిణాన పుదుచ్చేరి ప్రాంతంలో 60 ఏళ్లు దాటిన 5,638 మందిని పరీక్షించారు. ఫలితాలు 2011లో వచ్చాయి. రక్తంలో విటమిన్-సి ఎక్కువగా ఉన్నవాళ్లలో శుక్లాలు తక్కువగా కనిపించాయి. ఇంకో సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. దక్షిణాది వృద్ధుల్లో దాదాపు 46 శాతం మందికి, ఉత్తరాది వృద్ధుల్లో 74 శాతం మందికి విటమిన్-సి లోపం ఉంది. పొగాకు వాడేవాళ్లలో, కట్టెల పొయ్యి పొగలో వంట చేసే ఇళ్లలో లోపం ఎక్కువ. ఇది జతగా కనిపించిన సంగతి మాత్రమే. విటమిన్-సి మాత్రలు మింగించి చూసిన విదేశీ పరీక్షల్లో శుక్లాలు ఆగలేదు. మాత్ర చేయలేనిది తిండి చేస్తుందని ఇప్పుడే రుజువైందని చెప్పను. కానీ ఊళ్లో జామచెట్టు ఉండి, అవ్వకు నెలల తరబడి ఒక కాయైనా దొరకకపోవడం న్యాయమా?

మిరప కంటికి చేసే హాని గురించి కూడా చెప్పాలి. మాఘం నుంచి వైశాఖం దాకా గుంటూరు మిర్చి యార్డులో, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో వేల మంది ఆడవాళ్లు తొడిమలు తీస్తూ, తాలు ఏరుతూ, టిక్కీ బస్తాలు నింపుతూ ఆ ఘాటులోనే రోజంతా ఉంటారు. కళ్లు ఎర్రబడి, నీళ్లు కారి, చూపు మసకబారినా కూలి పోతుందని లేవరు. వారికి కంటి అద్దాలు, ముక్కుకు గుడ్డ, ధారగా వచ్చే మంచినీటి కుళాయి ఇవ్వడం యార్డుకూ వ్యాపారులకూ భారం కాదు. మంట పుట్టినప్పుడు చేత్తో నలపకుండా మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. పురుగుమందు పడితే పావుగంటైనా కడిగి నేరుగా ఆసుపత్రికి పోవాలి.

పసరు కడుపులోకి, కంట్లోకి కాదు

ఆకుకూర మంచిదనే నమ్మకం ఇంకో అడుగు ముందుకు వేసి ఆకు పసరు కంట్లో పిండే దాకా పోతోంది. ఇది ఘోరం. పత్తి కట్టె గీసుకున్నా, వరి ధాన్యం ఎగిరి తగిలినా, నల్లగుడ్డు మీద చిన్న గీత పడుతుంది. అందులోకి బూజు చేరితే పుండవుతుంది. మన దేశపు వేడి నేలల్లో నల్లగుడ్డు పుండ్లలో బూజువల్ల వచ్చేవి చాలా ఎక్కువ. ఆ సమయంలో పసరో, తేనో, చనుబాలో, ఆముదమో వేస్తే క్రిములకు మేత వేసినట్టే. కంటి డాక్టర్ల దగ్గరికి వచ్చే పుండ్లలో ఆలస్యంగా, చేతులు కాలాక వచ్చేవాటి వెనక ఇలాంటి నాటు వైద్యం తరచుగా కనిపిస్తుంది. తినేవాటి విషయంలో పెద్దల మాట వినండి. కంట్లో వేసేవాటి విషయంలో వినకండి.

శుక్లం సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. కంటి కటకంలోని ప్రొటీన్లు వయసుతో గడ్డకట్టి మసకబారితే శుక్లం వస్తుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చి గుడ్డు కానట్టే ఆ మసక తిరిగి తేటపడదు. ఏ ఆకూ దాన్ని కరిగించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 10,293 మందిని పరీక్షించి చేసిన అధ్యయనంలో అంధత్వం 1.84 శాతంగా తేలింది. దానికి కారణాల్లో శుక్లాలు 44 శాతం, కళ్లజోడు లేకపోవడం 16 శాతం. అంటే చూపు కోల్పోయిన ప్రతి పది మందిలో ఆరుగురికి ఒక ఆపరేషనో, ఒక జత అద్దాలో ఉంటే సరిపోయేది. ఆ సంస్థను 1987లో స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు వైద్య కళాశాలలో చదివినవారు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఆ సంస్థ ఆసుపత్రి, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి మన జిల్లాలకు బస్సు దూరంలోనే ఉన్నాయి. పేదలకు ఉచితంగా ఆపరేషన్ చేసే ఏర్పాటు ఉంది. అది వదిలేసి ఆకు రసం తాగుతూ కూర్చుంటే శుక్లం ముదిరిపోతుంది, ఆపరేషన్ కష్టమవుతుంది.

పొగాకు నేలలో ఒక హెచ్చరిక

టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాలున్న నేల మనది. పొగాకు బోర్డు కార్యాలయం గుంటూరులోనే ఉంది. చుట్ట, బీడీ, సిగరెట్ ఇక్కడి మగవాళ్ల జీవితంలో భాగం. చుట్టను అడ్డంగా తిప్పి కాల్చే ఆడవాళ్లూ ఉన్నారు. పొగ శుక్లాన్ని తొందరగా తెస్తుంది. ముసలితనంలో రెటీనా మధ్యభాగమైన మాక్యులా క్షీణించే జబ్బును పెంచే కారణాల్లోనూ అది ముందుంటుంది.

ఈ మాక్యులా జబ్బు మీదే అమెరికాలో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. 2001 నాటి మొదటి పరీక్షలో విటమిన్-సి, ఇ, బీటా కెరోటిన్, జింకు కలిపిన మాత్రలు, జబ్బు అప్పటికే మధ్యస్థంగా ఉన్నవాళ్లలో అది ముదరడాన్ని నాలుగో వంతు మేర తగ్గించాయి. శుక్లాలను ఆపలేదు. ఆరోగ్యంగా ఉన్న కంటికి ఆ మాత్రలతో లాభం కనిపించలేదు. 2013లో వచ్చిన రెండో పరీక్షలో బీటా కెరోటిన్ బదులు ల్యూటీన్, జియాజాంథిన్ వాడారు. ఆ మార్పుకు ముఖ్య కారణం పొగ. అంతకు ముందు 1994లో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకు ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. తోటకూరలోని కెరోటిన్‌తో ఆ ప్రమాదం లేదు. మాత్రగా పెద్ద మోతాదులో మింగినప్పుడే వచ్చింది. చుట్ట తాగుతూ కంటి కోసం దుకాణంలో కనపడ్డ విటమిన్ సీసా కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. కూర తినండి, చుట్ట మానండి, మాత్ర డాక్టరు చెబితేనే వేసుకోండి.

తెల్లన్నమూ షుగరూ

ఇప్పటి తరానికి పాత తిండి చేయగల అన్నిటికన్నా పెద్ద మేలు ఇక్కడుందని నా నమ్మకం. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నని రక్తనాళాలు కారతాయి, మూసుకుపోతాయి, బలహీనమైన కొత్త నాళాలు పుట్టి పగులుతాయి. నొప్పి ఉండదు. చాలాకాలం చూపు బాగానే ఉన్నట్టుంటుంది. తేడా తెలిసేసరికి నష్టం జరిగిపోతుంది.

మూడు పూటలా పాలిష్ బియ్యం, పైన తీపి టీలు, నడకలేని పని. ఈ కలయికే ఇక్కడ షుగర్‌ను పెంచుతోంది. కంచంలో అన్నం తగ్గించి, పప్పు, ఆకుకూర, మజ్జిగ పెంచి, అన్నంలో కొంత భాగం జొన్నరొట్టెకో సజ్జరొట్టెకో ఇస్తే చక్కెర అదుపులోకి రావడానికి సాయపడుతుంది. ఇక్కడ మాత్రం జొన్నకూ కొర్రకూ పాత్ర ఉంది. విటమిన్ కోసం కాదు, పీచు కోసం, నెమ్మదిగా అరగడం కోసం. అదైనా కొలత మీరి తింటే లాభం లేదు. కొర్రన్నం కుండెడు తింటే అందులోనూ పిండిపదార్థమే. షుగర్ మాత్రలు మానేసి సిరిధాన్యాలు తింటామనడం మరీ ప్రమాదం. ఉన్న మందు ఉండగానే తిండి మార్చాలి. తర్వాత మందు తగ్గించాలో లేదో డాక్టరు చూస్తాడు.

కళ్లజోడు మాట మిగిలింది. బడి పిల్లల హ్రస్వదృష్టి కంటిగుడ్డు పొడవు పెరగడం వల్ల వస్తుంది. ఏ కూరా ఆ పొడవు తగ్గించదు. పగటి వెలుతురులో ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో అది తక్కువగా వస్తోందని ఆస్ట్రేలియా, తైవాన్ అధ్యయనాల్లో తేలింది. కాబట్టి క్యారెట్ రసం తాగించి ట్యూషన్‌కు పంపడం కంటే సాయంత్రం గ్రౌండ్‌కు పంపడం మంచిది. నలభై దాటాక వచ్చే చత్వారం వయసుతో వచ్చేదే, దానికి అద్దాలే మందు. తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో కంటి వెలుగు పరీక్షలు మొదలైనప్పుడు బయటపడిన పెద్ద అవసరం కూడా కళ్లజోళ్లే.

అంగన్‌వాడీ ప్రాంగణంలో, బడి ఆవరణలో, పంచాయతీ స్థలంలో మునగ, బొప్పాయి, జామ నాటించమని మీ ఊరి సర్పంచిని అడగండి. మిరప చేనుకు దూరంగా, మందు తగలని రెండు మళ్లు ఇంటి ఆకుకూరకు వదలండి. చిన్నపిల్లల విటమిన్-ఎ మోతాదు తప్పనివ్వకండి. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోండి. నలభై దాటినవాళ్లు చూపు బాగానే ఉందనిపించినా ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకోండి. గ్లాకోమా జబ్బు చాలాసార్లు ఏ నొప్పీ లేకుండా వస్తుంది, తిండితో ఆగదు, అందులో పోయిన చూపు ఏ వైద్యంతోనూ తిరిగి రాదు.